గంటా ఇరవై ఐదు నిమిషాల దూరం

అప్పట్లో నాకు భూగోళమంతా ల్యాప్‌టాప్ తెరకు పట్టేంతే ఉండేది. కెనడాలో, టొరంటో పక్కనున్న మార్కమ్‌లో కొత్త ఉద్యోగం. ఏ రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టినా మధ్య దూరం, విమానానికి పట్టే సమయం చెప్పే వెబ్‌సైటు మా కంపెనీది. ఆ లెక్క కట్టే కోడ్ రాసింది నేనే. (బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు చుక్కల మధ్య గీత గీసి, ఆ దూరాన్ని విమానం వేగంతో భాగించడమే.) అయినా ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఫోన్ తీసి అది చూపించందే నాకు ముద్ద దిగేది కాదు.

నా రూమ్మేట్‌ని అందరం మామ అనేవాళ్లం. అతనికి బాగా ఉత్తరాన, హడ్సన్ బే అనే పెద్ద అఖాతం పడమటి ఒడ్డున, రోడ్డే లేని ఒక చిన్న ఊళ్లో కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. కొత్తగా పెళ్లయింది, భార్య నర్సు. ఆమెకు బే తూర్పు ఒడ్డున ఇంకో ఊళ్లో ఏడాది కాంట్రాక్టు ఇస్తామన్నారు. మామ వెళ్లే ఊరి క్లినిక్‌లోనూ ఖాళీ వస్తుందట, కానీ మూడు నెలలు ఆగాలి. ఆగాలా, సంతకం పెట్టాలా అని ఇద్దరూ మా సోఫాలో కూర్చుని మల్లగుల్లాలు పడుతుంటే నేను ఊరుకోవచ్చుగా! ఫోన్ తీశాను.

"గంటా ఇరవై ఐదు నిమిషాలు! మనం కారులో సార్నియా పోయే టైములో సగం కూడా కాదు. శుక్రవారం డ్యూటీ దిగి ఎక్కితే వేడివేడిగా కలిసి భోంచేయొచ్చు."

"నిజంగా ఫ్లైట్ ఉందా అన్నయ్యా?" అంది ఆమె.

"లెక్క కట్టిందెవరనుకున్నావ్ చెల్లెమ్మా?"

మర్నాడు టికెట్లు అమ్మే సైటులో వెతికాను. ఆ రెండు ఊళ్ల మధ్య ఏ విమానమూ లేదు. చిన్నవేవో తిరుగుతుంటాయిలే అని సర్దిచెప్పుకున్నాను. సంతకం పెట్టే ముందు ఆమె ఫోన్ చేసి, "ఇంకోసారి చూశారా?" అనడిగితే, "చూశా, ఏం పర్లేదు" అన్నాను.

నెల తిరక్కుండానే మామ ఫోన్.

"ఒరేయ్, ఇక్కడి విమానాలన్నీ కిందికే, దక్షిణానికే పోతాయిరా! నేను విన్నిపెగ్ దిగి, టొరంటో వచ్చి, మాంట్రియల్ పోయి, మళ్లీ పైకెక్కాలంట. మంచు కరుణిస్తే రెండు రోజులు. నీ గీత మీద ఎలుగుబంట్లు తప్ప ఎవరూ పోవట్లేదు!"

"కోడ్‌లో ఏదో బగ్ ఉన్నట్టుంది మామా."

"రాసిందెవడ్రా?"

చివరికి వాళ్లిద్దరికీ మధ్య దారి మా సోఫా అని తేలింది. వాళ్లు వస్తే నేను వంటింట్లో ఫ్రిజ్ పక్కన పడుకునేవాణ్ణి. ప్రాయశ్చిత్తంగా సాంబారు కాచేవాణ్ణి. (అది ఎవరికి శిక్షో ఇప్పటికీ తేలలేదు.) ఆ ఏడాదిలో వాళ్లు కలిసింది రెండుసార్లే. మూడోసారి కలవాల్సింది వాళ్ల మొదటి పెళ్లిరోజున. ఆమె వచ్చింది, మంచుతుఫానులో మామ విమానం లేవలేదు. రెండు రోజులు ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. వెళ్లేటప్పుడు, పెళ్లిరోజుకని చేసిన పులిహోర డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి అడిగింది.

"ఆ రోజు మీరు నిజంగా చూశారా అన్నయ్యా?"

"చూశాను. ఫ్లైట్ లేదని తెలుసు."

జాకెట్ జిప్పు పైకి లాక్కుని, "చూడలేదని చెప్పినా బాగుండేది" అంది.

ఇప్పుడు వాళ్లు టొరంటోకి దగ్గర్లోనే గ్వెల్ఫ్‌లో ఉంటున్నారు, ఒకే ఇంట్లో. ఆదివారం భోజనానికి పిలిచినప్పుడల్లా ఆమె, "ఎంతసేపట్లో వస్తారన్నయ్యా?" అంటుంది. "వచ్చాక చెప్తా చెల్లెమ్మా" అంటాను. వెనక నుంచి మామ, "గీత గీసి చూడరా!" అని అరుస్తాడు. ఇద్దరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, వాళ్లకంటే కాస్త ఆలస్యంగా.