మనోడు కాదు, తలుపు తియ్యకు

సినిమా పిల్లలు చూడదగ్గదో కాదో తేల్చే పని మా అక్క నాకు అప్పగించింది. మిక్సీ తిరగకపోయినా, ఇంటర్నెట్ ఆగిపోయినా నన్నే పిలుస్తుంది. ఇంట్లో ఇంజనీరు ఉన్నాక అంతరిక్షంలో దెయ్యం లాంటిది తిరిగే సినిమా మాత్రం ఇంకెవరి దగ్గరకు పోతుంది?

పోస్టరు మీద యూఏ, పదమూడు ప్లస్ అని ఉంది. నా మేనకోడలికి పన్నెండు నిండాయి. అంటే సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు నిర్ణయాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు వదిలేశారు. ఇంట్లో పెద్దవాళ్లు నాకు వదిలేశారు.

మామూలుగా అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. కానీ కిందటి ఏడాది, గాజువాకలో అక్కావాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టులో తను ఒక్కతే ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. తలుపు తెరిచేసరికి ఏడుపు కూడా ఆగిపోయి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పిల్ల జడుసుకుందని పద్మనాభం ఊరి నుంచి వాళ్ల మామ్మ దిగి, వన్‌టౌన్‌లో మసీదు దగ్గరకు తీసుకెళ్లి భయం పోయేలా మంత్రం ఊదించింది. దాంతో నిద్రయితే పట్టింది. లిఫ్టు మాత్రం మళ్లీ ఎక్కలేదు. పుస్తకాల సంచి మోసుకుంటూ నాలుగో అంతస్తుకు మెట్లెక్కేది. బాత్రూం తలుపు గడియ పెట్టుకునేది కాదు.

ఇప్పుడొచ్చిన సినిమా మొదటి నుంచి చివరి దాకా ఒక అంతరిక్ష నౌకలోనే. ఎటు చూసినా ఇరుకు దారులు, ఇనుప తలుపులు. దానికి తోడు మేనకోడలి పెదనాన్న కొడుకు, పదో తరగతివాడు, సెలవులకు ఆనందపురం నుంచి వచ్చి కూర్చున్నాడు.

"లిఫ్టుకే జడుసుకున్నావ్, నువ్వేటి సూత్తావే ఆ సినిమా? పక్క హాల్లో కుందేలు బొమ్మల సినిమా ఆడతంది, ఎల్లు."

"నాను సూత్తాను. నీకంటే కళ్లు తెరుసుకునే సూత్తాను."

అక్క నన్ను వంటింట్లోకి లాగింది. "వద్దంటే ఆడు ఏడాదంతా ఏడిపిత్తాడు. సరేనంటే, మజ్జిలో బెంబేలెత్తిపోతే మళ్లీ మొదటికొత్తాది. ఆ లిఫ్టు ఇంక జన్మలో ఎక్కదు. నువ్వు సూసొచ్చి సెప్రా. నీ మాటే నా మాట."

డ్యూటీ లేని రోజు మార్నింగ్ షోకి ఒక్కడినే వెళ్లాను. సినిమాను నాలుగు రకాలుగా చూసి మార్కులు వెయ్యాలనుకున్నాను: రక్తం ఎంత, శబ్దం ఎంత, మూసిన గదులు ఎన్ని, చివరికి ధైర్యం మిగులుతుందా లేదా. రక్తం తక్కువే. అదీ నీలంగా ఉంది, కాబట్టి సగం మార్కులే తీశాను. శబ్దం ఎక్కువ. మూసిన గదులను లెక్కపెట్టడం కాసేపటికి మానేశాను. చివర హీరోయిన్ బతికి బయటపడుతుంది. అది పెద్ద ఊరట.

డబ్బింగ్ సినిమా అది. అందరూ పాఠ్యపుస్తకం తెలుగే మాట్లాడతారు, నౌకలో వంటవాడు తప్ప. వాడికి మాత్రం మన యాస పెట్టారు. ఎవరు కనబడినా "ఏటి సేత్తన్నావ్, తిన్నావేటి?" అంటాడు. జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మన మాట ఎప్పుడూ వంటవాడికో, నవ్వించేవాడికో దక్కాలా?

అసలు చిక్కు ఇంటర్వెల్ తర్వాత వచ్చింది. ఆ ప్రాణి ఎవరిని చంపితే వాళ్ల గొంతు దానికి వచ్చేస్తుంది. హీరోయిన్ చీకటి గదిలో దాక్కుని ఉంటే, తలుపు అవతలి నుంచి వంటవాడి గొంతు తలుపు తియ్యమని పిలుస్తుంది. వాడు బతికున్నాడో, అది వాడి గొంతుతో పిలుస్తోందో తెలియదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. మూసిన గది, చీకటి, తలుపు. మేనకోడలి లిఫ్టే అది.

మార్కుల ప్రకారం వద్దనే చెప్పాలి. బస్సులో వస్తుంటే మా ప్లాంటులో పద్ధతి గుర్తొచ్చింది. పెద్ద ట్యాంకు లోపలికి మనిషిని పంపాలంటే, ప్రమాదం ఉంది కాబట్టి పని మానేద్దాం అనరు. బయట ఒక మనిషిని కాపలా పెడతారు, లోపలివాడితో ఒక సైగ అనుకుంటారు. సైగ రాగానే ఎందుకని అడగకుండా బయటకు తీస్తారు.

అక్కతో చూడొచ్చని చెప్పి, మేనకోడలిని పక్కకు పిలిచాను. "చివరి సీటు నీది, పక్కనే దారి. భయమేస్తే నా చెయ్యి రెండుసార్లు నొక్కు. లేచి వచ్చేద్దాం. ఎందుకని అడగను. ఇంటర్వెల్ తర్వాత ఒక సీను ఉంది..."

"సెప్పకు మావయ్యా! నువ్వు సెప్పీసినాక ఇంకేటుంటాది?"

పదో తరగతివాడితో కలిపి మ్యాట్నీకి ముగ్గురం వెళ్లాం. వంటవాడు మొదటిసారి నోరు తెరవగానే తను నా మీదకు వాలింది. "మావయ్యా, అచ్చం మా మామ్మలాగే మాటాడతన్నాడు!"

ఆ సీను వచ్చింది. హాలంతా చీకటి. తన చెయ్యి నా చేతిలోకి వచ్చింది, చల్లగా. ఒకసారి నొక్కింది. రెండోదాని కోసం కాచుకున్నాను, కాళ్లు దారివైపు తిప్పుకుని. తలుపు అవతల వంటవాడి గొంతు: "తలుపు తియ్యి తల్లీ. నేనే. ఏమిటి చేస్తున్నావు లోపల?"

చేతి పట్టు వదులైంది. తను నిటారుగా కూర్చుంది.

"అది మనోడు కాదు!" హాలంతా వినబడేలా అరిచింది. "మనోడైతే 'ఏటి సేత్తన్నావ్' అంటాడు! తలుపు తియ్యకు!"

వెనక వరసలో ఎవరో ఆవిడ, "ఓలమ్మో, నిజమే! పాప కరెక్టుగా పట్టీసింది!" అంది. ముందు నుంచి ఒక కుర్రాడు, "తియ్యకమ్మా, అది విజయవాడది!" అన్నాడు. హాలు హాలంతా నవ్వు, ఈలలు. తెర మీద హీరోయిన్ మాత్రం తలుపు తీసింది. "సెప్పినాం గదే!" అని జనమంతా ఒక్కసారే అరిచారు.

డబ్బింగ్ రాసినవాళ్లు కావాలనే అలా రాశారో, ఆ పూట యాస మరిచిపోయారో నాకు ఇప్పటికీ తెలియదు. నాలుగు రకాలుగా చూసిన నాకు అది వినబడలేదు. తనకు వినబడింది. పక్కన చూస్తే పదో తరగతివాడి మొహం చేతిరుమాలు వెనక ఉంది.

"తియ్యన్నయ్యా," అంది మేనకోడలు. "ఎల్లిపోయింది. కుందేలు సూత్తావేటి?"

తిరిగొచ్చేసరికి అపార్ట్‌మెంట్ కింద లిఫ్టు తెరిచే ఉంది. నేను అలవాటుగా మెట్లవైపు నడిచాను. తను కదల్లేదు. లిఫ్టు లోపలికి చూసింది, అన్నవైపు చూసింది, నావైపు చూసింది.

"మీరిద్దరూ మెట్లెక్కి రండి మావయ్యా."

వద్దనబోయి ఆగాను. బయట కాపలా మనిషిని నేనే కదా. తను లోపలికి వెళ్లి మీట నొక్కింది. తలుపులు మూసుకున్నాయి. నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాను, చెవులు లిఫ్టు గోడవైపే. రెండో అంతస్తు దగ్గర లోపలి నుంచి గట్టిగా వినబడింది.

"మావయ్యా! నాను వత్తన్నాను!"

ఆ మాట విన్నాక మెట్లు నెమ్మదిగానే ఎక్కాను. పైకి చేరేసరికి తను మాకంటే ముందే వచ్చి ఇంటి తలుపు దబదబా బాదుతోంది.

"ఎవలే అది?" లోపలి నుంచి అక్క.

"నానేనే అమ్మా! లిఫ్టులో వచ్చీసినాను! తలుపు తియ్యకుండా ఏటి సేత్తన్నావ్?"