పీటర్ బస్సెక్కుతాడా?

గ్వాన్ మాస్టారికి ఒక్కటే పిచ్చి. ఇంగ్లీషు పరీక్ష కాగితంలో ఉండే మనుషులు నిజంగా ఎక్కడో బతికే ఉన్నారని ఆయన గట్టి నమ్మకం.

ఆ కాగితంలో ఉత్తరం ప్రశ్న ఒకటి తప్పకుండా ఉంటుంది. 'నీ పేరు లీ హువా అనుకో. నీ విదేశీ మిత్రుడు పీటర్‌కి ఉత్తరం రాయి.' బడి చివరి ఏడాది పిల్లలంతా ఆ కాసేపూ లీ హువాలే. చైనా టీ గొప్పతనం రాస్తారు, కాగితపు బొమ్మల ప్రదర్శనకి రమ్మంటారు, స్టేషన్‌కి ఎదురు రాలేకపోయినందుకు క్షమాపణ చెప్పుకుంటారు. మార్కులు పుచ్చుకుని లీ హువాని అక్కడే వదిలేసి ఇంటికి పోతారు. గ్వాన్ మాస్టారు మాత్రం వదిలే రకం కాదు.

"పాపం లీ హువా! నేను చదువుకునే రోజుల నుంచీ చూస్తున్నా, రాస్తూనే ఉన్నాడు. ఆ పీటర్ ఒక్క జవాబన్నా రాశాడా?" అనేవారు సుద్దముక్క ఊపుతూ.

"పనిలో పడిపోయాడేమో మాస్టారూ," అనేవాడు వెనక నుంచి ఎవడో ఒకడు.

"పనీ కాదు, పాడూ కాదు. మీ ఉత్తరాలు అలా ఏడుస్తున్నాయి."

గేటు ముందు నూడుల్స్ బండి పెట్టుకున్న యాంగ్ పిన్నిని కూడా ఆయన వదల్లేదు. "పీటర్ వస్తే మన కారం తట్టుకోలేడు. కారం లేకుండా ఒక గిన్నె చేసి పెట్టగలవా?" అని అడిగారట. ఆవిడ జాలిపడి సరేనంది. అప్పట్నుంచీ ఆయన కనబడితే చాలు, "మీ దొరగారు ఇంకా దిగలేదా మాస్టారూ?" అని గరిటె ఊపుతూ అడిగేది.

ఉత్తరాలు దిద్దడంలోనూ అదే వరస. మార్కులు ఒక మూల వేసి, కింద ఎర్ర సిరాతో ఒకటే ప్రశ్న రాసేవారు: 'పీటర్ విమానం ఎక్కుతాడా?' జవాబు కూడా ఆయనే రాసేవారు: 'ఎక్కడు.'

దీనికి అందరికన్నా మండిపోయేది సూ రుయీకి. రుయీ క్లాసు లీడరు. చేతిరాత అచ్చు గుద్దినట్టుంటుంది. ఉత్తరంలో వాడదగ్గ వాక్యాలన్నీ కంఠతా పట్టింది. 'కాలం బాణంలా దూసుకుపోతోంది, మిత్రమా!' అని మొదలెడితే, 'నీ జవాబు కోసం వేయి కళ్ళతో ఎదురుచూస్తూ' అని ముగించేదాకా కలం ఆగదు.

"తప్పెక్కడుంది మాస్టారూ?" అని ఒకసారి నిలదీసింది.

"తప్పేం లేదమ్మా."

"మరెందుకెక్కడు?"

"ఇందులో తప్పు లేదు, నువ్వూ లేవు. ఎవర్ని చూద్దామని ఎక్కుతాడు?"

ఆ శరదృతువులో, అప్పటికి కిటికీ పక్క వరసలో ఉన్న తియెన్ బో బడి మానేశాడు. తండ్రి ఇళ్ళు కట్టే పనిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే, వీడు బస్సెక్కి సముద్రం వైపు ఊళ్ళో ఏదో ఫ్యాక్టరీలో చేరాడు. వాడు పెద్దగా మాట్లాడేవాడు కాదు, అందుకని పెద్దగా ఎవరూ వెతకనూ లేదు. బల్లలు ఎంత ఇరుకంటే, ఒకడు లేవాలంటే వరసంతా పుస్తకాలు ఎత్తి పట్టుకోవాలి. ఖాళీ బల్ల సామాన్ల గదికి పోతే అందరికీ కాస్త ఊపిరాడుతుంది. రుయీ, ఇంకో కుర్రాడూ కలిసి దాన్ని ఎత్తారు. గ్వాన్ మాస్టారు గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

"దించండి. అది పీటర్‌ది."

"ఏ పీటర్?"

"ఏళ్ళ తరబడి రమ్మని పిలుస్తున్నాం. తీరా వస్తే ఎక్కడ కూర్చోబెడతావమ్మా, నీ నెత్తి మీదా?"

క్లాసు గొల్లుమంది. బల్ల ఉండిపోయింది. పంచిన ప్రతి అభ్యాస పత్రం పీటర్ బల్ల మీద కూడా ఒకటి పడేది. సోమవారం సోమవారం వరసలు పక్కకి జరుపుకోవడం బడిలో రివాజు కాబట్టి ఆ బల్లనీ, దాని మీద పెరిగే కాగితాల గుట్టనీ జరిపే చాకిరీ లీడరు మెడకి చుట్టుకుంది.

అక్కణ్ణుంచి పీటర్ దశ తిరగబడింది. 'పీటర్ చదువు మానేసి ఫ్యాక్టరీలో చేరాడు. ధైర్యం చెబుతూ రాయి.' 'చదివిందంతా మర్చిపోయానని పీటర్ బెంగపడుతున్నాడు. సర్దిచెబుతూ రాయి.'

"లండన్‌లో అంత కరువొచ్చిందా మాస్టారూ?"

"నోర్మూసుకుని రాయి."

ఎర్ర సిరా ప్రశ్న కూడా మారింది. 'పీటర్ బస్సెక్కుతాడా?'

"లండన్ నుంచి బస్సేంటి మాస్టారూ?" అంది రుయీ.

"విమానాలు నిండిపోయాయి."

పైగా దిద్దిన ఉత్తరాలు ఒకసారి చూపించి మళ్ళీ లాక్కునేవారు. ఏం చేశారని అడిగితే, "పోస్టు చేశా," అనేవారు. దానికీ గొల్లున నవ్వేవాళ్ళు.

చలికాలం ముదిరాక ఒకరోజు రుయీ కాగితాల కట్టతో స్టాఫు రూము దాకా వెళ్ళి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల వైస్ ప్రిన్సిపాల్ కాంగ్ గొంతు.

"గ్వాన్ గారూ, మీ విదేశీ అతిథి సంగతి తేల్చండి. తియెన్ బో పేరు కొత్త ఏడాది వసంత పండగ దాకా ఉంచుతా. సెలవులయ్యాక కూడా ఆ బల్ల ఖాళీగా కనబడితే కొట్టేస్తా. పేరు పోతే పరీక్షా లేదు."

"ఉత్తరాలు వెళ్తున్నాయండీ." గ్వాన్ మాస్టారి గొంతులో వేళాకోళం లేదు. "వాళ్ళ నాన్న కూడా రమ్మనే అంటున్నాడు. వాడికే మొహం చెల్లట్లేదు. ఒక్క మంచి ఉత్తరం పడితే చాలు."

రుయీ చెవులు వేడెక్కాయి. పోస్టు చేశానంటే నిజంగానే పోస్టు చేశాడీ మనిషి! ఎక్కడో యంత్రాల మధ్య ఒక కుర్రాడు కవరు చింపి తను రాసింది చదువుకుని ఉంటాడు. 'కాలం బాణంలా దూసుకుపోతోంది, మిత్రమా!' ఛీ.

సెలవులకి ముందు ఆఖరి అభ్యాసం: 'కొత్త టర్ముకి పీటర్‌ని ఆహ్వానించు.' రుయీ కంఠతా పట్టినవన్నీ పక్కన పెట్టింది. వచ్చీరాని ఇంగ్లీషులో తోచింది తోచినట్టు రాసింది. నీ కిటికీ సరిగ్గా మూతపడట్లేదు. ఈ వారం అక్కడ నేను కూర్చుని జలుబు పట్టించుకున్నాను. నీ కాగితాల గుట్ట నా కాలి మీద పడింది. యాంగ్ పిన్ని పులుసులో నీళ్ళు ఎక్కువ పోస్తోంది, అడిగేవాడు లేడు. ప్రతి సోమవారం నీ బల్ల మోయలేక చస్తున్నాను. వచ్చి నువ్వే మోసుకో.

గ్వాన్ మాస్టారు దాన్ని నిలబడే చదివారు. చాలాసేపు చదివారు.

"మార్కులు సగమే. వ్యాకరణం తగలబడిపోయింది," అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పరీక్షలో మాత్రం ఇలా రాయకు."

"మరి బస్సు, మాస్టారూ?"

"చూద్దాం."

సెలవుల తర్వాత మొదటి సోమవారం. బయట మంచు ముసురు. వైస్ ప్రిన్సిపాల్ వరండా ఆ చివర నుంచి ఒక్కో క్లాసే చూసుకుంటూ వస్తున్నాడు. రుయీ ఖాళీ బల్ల వైపు చూడటం మానేసింది.

అప్పుడు గుమ్మంలో ఒక సంచీ, దాని వెనక తియెన్ బో. గోళ్ళలో నల్లటి నూనె. ఆలస్యంగా వచ్చినవాడు గట్టిగా అనుమతి అడగాలి. వాడు సంచీ పట్టీ నలుపుతూ అక్కడే నిలబడిపోయాడు. క్లాసంతా వాణ్ణే చూస్తోంది. ఎక్కడికి పోయావ్, ఎంత సంపాదించావ్, మళ్ళీ ఎందుకొచ్చావ్ అన్న ప్రశ్నలు అందరి నాలుకల మీదా తయారుగా ఉన్నాయి.

గ్వాన్ మాస్టారు బోర్డు మీంచి తల తిప్పారు.

"వచ్చావా పీటర్! ఇన్నాళ్ళకి దొరికిందా నాయనా దారి?"

క్లాసు నవ్వులతో పేలిపోయింది.

"లండన్‌లో అందరూ కులాసానా?"

"కాగితపు బొమ్మల ప్రదర్శన అయిపోయిందిరా!"

"దొరగారికి టీ!"

ఆ గోలలో అసలు ప్రశ్నలు ఎటు పోయాయో పోయాయి. తియెన్ బో ఎర్రబడ్డ మొహంతో నవ్వుతూ వెళ్ళి కాగితాల గుట్ట వెనక కూర్చున్నాడు. కాంగ్ గుమ్మంలోంచి తొంగి చూసి, బల్లని చూసి, గ్వాన్ మాస్టారిని చూసి, పక్క క్లాసుకి సాగిపోయాడు.

"మాస్టారూ, ఇంక ఉత్తరాలు పంపకండి," అన్నాడు తియెన్ బో మెల్లిగా. "కట్ట రాగానే మా గదిలోవాళ్ళంతా చుట్టూ చేరి నాతో చదివించి అర్థం చెప్పించుకునేవాళ్ళు. మా మేస్త్రీ కూడా ఇప్పుడు పని ఆలస్యమైతే, 'కాలం బాణంలా దూసుకుపోతోంది, మిత్రమా' అంటున్నాడు."

"అంటే నిజంగానే పోస్టు చేశారా!" వెనక నుంచి ఎవడో గుండెలు బాదుకున్నాడు. గ్వాన్ మాస్టారు శుభ్రంగా ఉన్న బోర్డునే మళ్ళీ శ్రద్ధగా తుడుస్తున్నారు.

మధ్యాహ్నం ఆయన వాణ్ణి వెంటేసుకుని బండి దగ్గరికి వెళ్ళారు. రుయీ అప్పటికే ఒక మూల గిన్నె పట్టుకుని ఉంది.

"ఈయనేనా మీ పీటర్?" యాంగ్ పిన్ని నడుం మీద చెయ్యేసుకుని ఎగాదిగా చూసింది. "వీడు కాలు విరిగిన తియెన్ కొడుకు కదూ! సర్లే, మాటంటే మాటే. కారం లేకుండా చెయ్యనా?"

"అయ్యో పిన్నీ, రెండు గరిటెలు వెయ్యి," అన్నాడు తియెన్ బో. "అవునూ, పులుసులో నీళ్ళు ఎక్కువ పోస్తున్నావట?"

"ఎవర్రా అన్నది?"

రుయీ మొహం గిన్నెలోకి వంచేసింది.

"లీ హువా అని ఒకడున్నాడులే. ఉత్తరం రాశాడు."

"ఎవడా లీ హువా? నా బండి దగ్గరికి రానీ, చెబుతా!"

"మంచి కుర్రాడమ్మా," అన్నారు గ్వాన్ మాస్టారు, ఊది ఊది పులుసు తాగుతూ. "ఈమధ్యే కాస్త రాయడం నేర్చుకున్నాడు."