ఖాళీ కాని కార్డు

మా మామయ్య ఎవరినీ నమ్మేవారు కాదు. ఈ మాట నేను వారి వెనక చాటుగా అంటున్నది కాదు, వారే పదిమందిలో గర్వంగా చెప్పుకునేది. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మనిషి నమ్మకం పెట్టుకుంటే మిల్లుకు తాళం వేసుకోవడమేనట. నేను డిగ్రీ పూర్తి చేసి సూర్యాపేట నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, పాలాయన పోసి వెళ్లిన పాలను వారు మళ్లీ కొలిచి చూసుకోవడం కళ్లారా చూశాను. ఒక్క విషయంలో మాత్రం వారికి ఏ అనుమానమూ ఉండేది కాదు. మధ్యాహ్నానికి ఇంట్లో అన్నం సిద్ధంగా ఉంటుందని మాత్రం నిండుగా నమ్మేవారు.

ధాన్యం వ్యాపారమంతా నోటి మాట మీద నడుస్తుంది. ఫోన్‌లో "సరే సేటూ, పంపిస్తా" అన్నారంటే లారీ కదిలినట్టే. మరునాడు రేటు మారితే "నేనట్ల అనలే" అని తప్పుకునేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్ల కోసమే మామయ్య కోదాడ వెళ్లి ఒక చైనా ఫోన్ కొనుక్కొచ్చారు. రెండు సిమ్ములు, ఒక టార్చిలైటు, వీధి మొత్తం ఉలిక్కిపడేంత పెద్ద స్పీకరు. వీటన్నిటి కంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఎవరు ఫోన్ చేసినా, మామయ్య ఎవరికి చేసినా, ఆ ఫోన్ దానంతటదే మాటలన్నీ రికార్డు చేసి మెమొరీ కార్డులో దాచేది. రెండువేల పది, పదకొండు ఆ ప్రాంతంలో సంగతి.

ఎవరైనా మాట తప్పితే మామయ్య కోపానికి రారు. మిల్లుకు పిలిచి చాయ్ తెప్పిస్తారు. వ్యాపారంతో సంబంధం లేని ఇంకొకర్ని కూడా పిలిచి కూర్చోబెడతారు. ఫోన్ బల్ల మీద పెట్టి మీట నొక్కుతారు. అంతా అయ్యాక, "మూడో మనిషి విన్నడు. ఇగ మాట్లాడొద్దు" అంటారు. నిజంగానే ఎవరూ మాట్లాడేవారు కాదు. తొందరలో అన్నాననీ, నిద్రమత్తులో అన్నాననీ చెప్పే సాకులు ఆ బల్ల ముందు చెల్లేవి కావు. అది మామయ్య పెట్టిన న్యాయస్థానం. తీర్పరీ వారే, ఫిర్యాదీ వారే, చాయ్ పోయించేదీ వారే.

ఆ ఫోన్ నుంచి రోజూ పదకొండు గంటల ప్రాంతంలో మా ఇంట్లో ఉండే సెల్‌కు ఒక కాల్ వచ్చేది.

"నలుగురొస్తున్నం."

"ఆఁ" అనేది అత్తమ్మ.

అంతే. ఆ నలుగురెవరో చెప్పరు, ఈమె అడగదు. కోదాడ బ్రోకర్లు కావచ్చు, గరిడేపల్లి రైతులు కావచ్చు, లారీ ఓనర్లు కావచ్చు. మిల్లుకు వచ్చిన మనిషిని హోటల్‌కు పంపితే ఇంటి పరువు పోతుందని మామయ్య గట్టి నమ్మకం. పరువు వారిది, పొయ్యి అత్తమ్మది. నేను కూరగాయలు తరగడానికి, వడ్డించడానికి పనికొచ్చేదాన్ని. పొయ్యి దగ్గరికి మాత్రం ఆమె నన్ను రానిచ్చేది కాదు. నేను వేసే కారానికి వచ్చినవాళ్లు అన్నం మానేసి నీళ్లే తాగుతున్నారట.

అత్తమ్మకు అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు, ఎక్కువసేపు నిలబడొద్దని, పీట మీద కూర్చుని లేవడం పూర్తిగా మానెయ్యాలని చెప్పాడు. మామయ్య పక్కనే నిలబడి శ్రద్ధగా తలూపారు. "డాక్టరు చెప్పినట్టు ఇను" అని భార్యకు బుద్ధి కూడా చెప్పారు. మరునాడు పదకొండింటికి ఫోన్ వచ్చింది.

"ఐదుగురొస్తున్నం."

దసరాకు ముందు ఒకరోజు అత్తమ్మ ఎందుకో "ఆఁ" అనలేదు. "నాతోని అయితలేదండీ. ఒక వంటామెను పెట్టుండ్రి" అంది. అవతలి నుంచి ఏమన్నారో నాకు వినపడలేదు కానీ, ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. నేను పప్పు డబ్బా కోసం కొట్టుగదిలోకి వెళ్లి వచ్చాక నాతో చెప్పుకుంది. "దసరా పోయినంక పెడదమన్నరు" అని.

దసరా వెళ్లింది. దీపావళి వెళ్లింది. మామయ్య అన్నం తింటుండగా అత్తమ్మ మెల్లగా గుర్తు చేసింది.

"నేనెప్పుడన్న?" అన్నారు వారు, ముద్ద ఆపకుండా.

"ఫోన్‌ల అంటిరి గదా."

"ఫోన్‌ల అంటే రికార్డు ఉంటది. సూపియ్ మరి."

నేను సాక్ష్యం చెప్పబోయాను. "నువు మీ అత్త మాట విన్నవ్ బిడ్డా. నా మాట విన్నవా?" అన్నారు. న్యాయమే. వినలేదు. ఆ ఫోన్ వారి జేబులో ఉంటుంది. అత్తమ్మకు దాన్ని ఎక్కడ నొక్కాలో కూడా తెలియదు. ఊళ్లో వాళ్ల మాటలన్నీ మూటగట్టి పెట్టుకున్న మనిషి, తన మాటను మాత్రం పెరుగన్నంలో కలుపుకుని తిని చెయ్యి కడుక్కున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్తమ్మ మాత్రం "మజ్జిగ పోయనా?" అని అడిగింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. కోదాడ బ్రోకరు ఒకాయన ఫోన్‌లో ఒక రేటు చెప్పి, మరునాడు కాదన్నాడు. మామయ్య హుషారుగా బల్ల, చాయ్, మూడో మనిషి అన్నీ సిద్ధం చేసుకుని మీట నొక్కితే ఏమీ లేదు. మెమొరీ నిండిపోయి ఫోన్ ఆ కాల్‌ను రికార్డు చేయలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకు హుకుం జారీ చేశారు.

"ఇంటికి చేసిన ఫోన్లన్నీ తీసెయ్ రా. గవి వట్టిగ జాగ తింటున్నయ్. వాటిల్ల వ్యాపారమేమన్న ఉన్నదా?"

అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వంటామె గురించిన మాట ఎక్కడైనా మిగిలి ఉందంటే ఆ కార్డులోనే. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మా ఆయన తండ్రి మాట జవదాటని కొడుకు. కార్డు తీసి లాప్‌టాప్‌కు పెట్టి, ఇంటి నంబరుతో ఉన్నవన్నీ ఒక్కసారే పట్టి తీసేశారు.

ఆ లాప్‌టాప్ గురించి ఒక ముక్క చెప్పాలి. అందరి కంప్యూటర్లలో ఉండే సిస్టమ్ వేయించుకుంటే ఖర్చని, మామయ్య షాపులో బేరమాడి, ఏదో ఉచిత సిస్టమ్ వేయించుకొచ్చారు. దాని గురించి మా ఇంట్లో అందరికీ బాగా తెలిసిన విషయం ఒక్కటే, అది ఉచితమని.

కార్డు మళ్లీ ఫోన్‌లో పెడితే, మెమొరీ ఫుల్ అనే వచ్చింది. ఇంకోసారి పెట్టి చూశారు. అదే మాట. మామయ్య లెక్క ప్రకారం ఇందులో కోదాడ షాపాయన మోసం తప్ప ఇంకేమీ ఉండటానికి వీల్లేదు. బస్సెక్కి కోదాడ వెళ్లి దెబ్బలాడి వచ్చారు. ఆ షాపాయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "కార్డు బాగానే ఉందండీ. మీరు తీసేశామంటున్నారు గానీ లోపల ఇంకా ఏదో ఉందండీ" అన్నాడట. తన కార్డు లోపల ఏదో ఉందని పరాయివాడు చెప్పడం మామయ్యకు అవమానంగా తోచింది.

మరునాడు పొద్దున నా ముందు ఫోన్ పెట్టారు. "బిడ్డా, నువు కంప్యూటర్లు సదివినవ్ గదా. జర సూడు" అన్నారు. ఆ ఇంట్లో నా డిగ్రీతో పని పడటం అదే మొదటిసారి. అప్పటిదాకా అది చుట్టాలకు చెప్పుకోవడానికి మాత్రమే వాడేవారు.

కార్డు తీసి లాప్‌టాప్‌లో తెరిస్తే పైకి వ్యాపారం కాల్స్ కొన్నే కనపడుతున్నాయి, కానీ కార్డు నిండుగా ఉంది. దాచిన వాటిని కూడా చూపించమని నొక్కాను. అప్పుడు బయటపడింది ఇంకో ఫోల్డరు. ఆ ఉచిత సిస్టమ్ కార్డులోంచి తీసేసిన వాటిని నిజంగా పారేయదు. అదే కార్డులో కంటికి కనపడని చెత్తబుట్ట ఒకటి పెట్టి అందులోకి నెడుతుంది. ఆ బుట్టను విడిగా ఖాళీ చేసేదాకా జాగా తిరిగి రాదు. పాత సామానంతా అటకెక్కించి ఇల్లు ఖాళీ అయిందని సంబరపడినట్టుంది వ్యవహారం.

ఖాళీ చేయడానికి ఒక్క నొక్కు చాలు. నేను నొక్కలేదు. ఎందుకంటే ఒక సంగతి నాకు అంతుబట్టలేదు. "నలుగురొస్తున్నం", "ఆఁ" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్కో ఇంటి కాల్ మాత్రం లారీల బేరం కంటే పొడుగ్గా ఉంది. ఒకటి తెరిచి లాప్‌టాప్ స్పీకరు దగ్గర చెవి పెట్టాను.

"నలుగురొస్తున్నం." "ఆఁ." తర్వాత ఫోన్ గట్టు మీద పెట్టిన చప్పుడు. తర్వాత కూడా ఆగలేదు. ఇద్దరిలో ఎవరూ కాల్ కట్ చేయలేదు. ఇంటి నంబరుకు మాట్లాడితే డబ్బు పడదు కాబట్టి మామయ్య అలాగే జేబులో వేసుకున్నారు. వారే కట్ చేసి ఉంటారని అత్తమ్మ అనుకుంది. అంతసేపూ ఆ ఫోన్ మా వంటింటిని రికార్డు చేస్తూ ఉంది. కుళాయి నీళ్లు, డబ్బా మూతలు, పీట జరిపిన చప్పుడు. లేచేటప్పుడు "అమ్మా" అని గొంతులోంచి పైకి రాకుండా ఆపుకున్న మూలుగు. మళ్లీ కూర్చోవడం, మళ్లీ "అమ్మా". మధ్యలో నా గొంతు, "అత్తమ్మా, చింతపండు ఎక్కడ?" అని. దానికి ఆమె మామూలు గొంతుతో జవాబు. నేను పక్కగదికి వెళ్లగానే మళ్లీ మూలుగు.

నాకు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. దసరా ముందటి తేదీలు వెతికి, కావలసిన కాల్ పట్టుకున్నాను. దాని మొదలు మాత్రం విని, బుట్టలోంచి తీసి, ఫోన్‌లో వినపడేలా కార్డులో పైకి పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం మామయ్య వెంట ఆ కోదాడ బ్రోకరే భోజనానికి వచ్చాడు. ఇద్దరికీ రాజీ కుదిరిందట. భోజనం అయ్యింది, చేతులు కడుక్కున్నారు, వక్కపొడి నోట్లో వేసుకున్నారు. అప్పుడు నేను ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టాను.

"మామయ్యా, కార్డు ఎందుకు నిండిందో దొరికింది. మూడో మనిషి కూడ ఉన్నరు. వినుండ్రి" అన్నాను.

మీట నొక్కాను. వీధి ఉలిక్కిపడే స్పీకరు కదా, అక్షరం కూడా పోకుండా వినపడింది. అత్తమ్మ అడగడం, తర్వాత మామయ్య గొంతు, వెనక లారీ హారను. "సరే సరే, దసరా పోయినంక పెడదాం తియ్. ముగ్గురొస్తున్నం."

బ్రోకరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అన్నారు కదండీ సేటుగారూ! నేను విన్నాను. ఇంక మాట్లాడకూడదు మరి."

"అది తొందరల అన్న మాటయ్యా..." అన్నారు మామయ్య.

"తొందరలో అన్నా మాట మాటేనని నన్ను పట్టుకుంది మీరే కదండీ!"

మామయ్యకు కూడా నవ్వొచ్చింది. తన బల్ల ముందు తానే దొరికిపోయిన మనిషి ఇంకేం చేస్తారు. "సరే, పెడదాం" అన్నారు. అక్కడికి అయిపోయిందనే అందరం అనుకున్నాం. కానీ ఆ కాల్ కూడా ఎవరూ కట్ చేయలేదు. రికార్డు నడుస్తూనే ఉంది. నా అడుగులు కొట్టుగదిలోకి వెళ్లాయి. పీట జరిగింది. "అమ్మా" అని మూలుగు వినపడింది. తర్వాత అత్తమ్మ గొంతు, సంతోషంగా, ఎవరినో బుజ్జగిస్తున్నట్టు:

"దసరా పోయినంక మనిషిని పెడ్తరంట. గప్పటిదాంక జర ఓపిక పట్టుండ్రే."

గదిలో ఇంకెవరూ లేరు. ఆమె తన మోకాళ్లతో మాట్లాడుతోంది.

బ్రోకరు నవ్వు ఆగిపోయింది. నేను ఆపబోతే మామయ్య చెయ్యి అడ్డం పెట్టారు. చివరిదాకా విన్నారు, కుక్కరు విజిళ్లతో సహా. అత్తమ్మ గుమ్మంలో నిలబడి, తన గొంతు తానే వింటూ, సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వారం తిరక్కుండా వంటామె వచ్చింది. కార్డులో చెత్తబుట్ట ఖాళీ చేయమంటారా అని నేను అడిగితే, మామయ్య వద్దన్నారు. పాలు కొలుచుకునే మనిషి, తన డబ్బుతో ఇంకో కార్డు కొనుక్కున్నారు.

పదకొండింటి ఫోన్ మాత్రం మానలేదు. ఒకరోజు వంటామె కూర కలుపుతుండగా మోగింది. అత్తమ్మ కుర్చీలో కూర్చునే ఎత్తి, "ఆఁ" అని, అలవాటు ప్రకారం గట్టు మీద పెట్టేసింది. ఫోన్‌లోంచి ఇంకా ఏదో వినపడుతోంది. నేను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

"అత్తమ్మా, మామయ్య ఇంకా లైన్లనే ఉన్నరు" అన్నాను.

"ఇంకెందరొస్తున్నరట?" అంది ఆమె విసుగ్గా.

"ఎవరూ వస్తలేరు. మోకాళ్లు ఎట్లున్నయని అడుగుతున్నరు."