లెక్కల సారు నవ్విన వారం

పెనుకొండలోని మా హైస్కూలుకు నేను హిందూపురం నుంచి, లెక్కల సారు ధర్మవరం నుంచి రోజూ రైల్లో వస్తాం. దిగేది ఒకే స్టేషన్లోనైనా మా ఉద్యోగాలు వేరు. ఆయన లెక్కలు చెబుతారు. నేను సోషల్ చెబుతాను, ఆపైన ఏడ్చేవాళ్లను చూసుకుంటాను. బడిలో ఎవరు ఏడ్చినా సార్లందరిదీ ఒకటే మందు: "మేడమ్ దగ్గరికి పో." ఆరో తరగతిలో కొత్తగా చేరినవాళ్లు ఇంటిమీద బెంగతో ఏడుస్తారు, పెంచుకున్న గొర్రెపిల్లను అమ్మేశారని ఏడుస్తారు. ఆ తరగతికి ఏటా క్లాసు టీచర్ని నేనే. ఇంటర్వెల్లో వేడి టీ తాగి ఎరుగను.

ఈ ఏడు ఆ ఆరో తరగతిని లెక్కల సారుకు ఇవ్వమని హెడ్‌మాస్టరుతో పోట్లాటకు దిగాను. అంతలో యూనివర్సిటీ నుంచి పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. టీచర్లు మనసుతో చేసే చాకిరీ ఎంతో, అందులో ఆడామగా తేడా ఎంతో వారం పాటు కూర్చుని కొలుస్తుందట.

హెడ్‌మాస్టరుకు ప్రాణం లేచొచ్చింది. "కొలవనీమ్మా. మీది ఎక్కువని తేలితే ఆరో తరగతి ఆయప్పకే ఇస్తా."

కొలత అనేసరికి లెక్కల సారుకు పౌరుషం వచ్చింది. అమ్మాయి వెనక బెంచీలో కూర్చోగానే, లెక్క తప్పు చేసినవాడి వీపు తట్టి మరీ నవ్వారు. ఇంటర్వెల్లో ఆరో తరగతి పిల్ల ఒకతె వెక్కుతూ నా దగ్గరికొచ్చింది.

"ఏమైందే?"

"సారు నవ్వుతాండాడు మేడమ్."

"నవ్వితే నీకేం?"

"పోయిన తూరి నవ్వింది మా అన్నకు సున్నా వచ్చిన దినం మేడమ్."

నా టీ మీద మీగడ కట్టింది. శనివారం సాయంత్రం సారు దవడలు నొక్కుకుంటూ స్టాఫ్‌రూంలో కూలబడ్డారు. అమ్మాయి నా వైపు తిరిగి, "లోపల లేనిది పైకి చూపిస్తుంటారా మేడమ్?" అని అడిగింది.

"నాకేం ఖర్మమ్మా? కోపమొస్తే తిడతా. జాలేస్తే దగ్గరికి తీసుకుంటా."

ఆ జవాబే నా కొంప ముంచింది. సారుదే ఎక్కువని తేలింది. నటిస్తేనే చాకిరీ అట.

"అంటే ఉత్తుత్తి జాలి కష్టం, నిజం జాలి సుఖమా? ఈ తక్కెడ యాడ కొన్నావమ్మా?" అన్నాను. నా గొంతు పెద్దదే. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

లెక్కల సారు అలవాటు కొద్దీ, "మేడమ్ దగ్గరికి పోమ్మా," అన్నారు. నేను తిట్టిన పిల్లను నేనే ఓదార్చి రైలెక్కించాను.

"సారు చానా అలిసిపోయినాడమ్మా," అని హెడ్‌మాస్టరు ఆయన ఏడో తరగతిని కూడా నాకే అంటగట్టారు.

మర్నాడు వెళ్లి హెడ్‌మాస్టరు ఎదుట కూర్చుని నవ్వాను. లోపల ఏమీ లేని నవ్వు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు సార్. చాకిరీ చేస్తాండా."

ఆయన ఫైలు తిరగేశారు, నవ్వాను. మంచినీళ్లు తాగారు, నవ్వాను. వారం తిరక్కుండానే, "రెండు క్లాసులూ ఆయప్పకే ఇస్తా, ఆ నవ్వు మానుకోమ్మా," అన్నారు.

తర్వాతి ఇంటర్వెల్లో పొగలు కక్కే టీ నోటిదాకా వచ్చింది. గుమ్మంలో లెక్కల సారు, ఆయన చెయ్యి పట్టుకుని వెక్కుతూ ఆ ఆరో తరగతి పిల్ల.

"నా క్లాసు పిల్లే మేడమ్. నన్ను చూసే ఏడుస్తాండాది. మీరు తాగండి, ఈడే నిలబడుకోనుంటాం."

ఇద్దరూ నన్నే చూస్తూ నిలబడ్డారు. ఆ టీ గబగబా తాగి నాలుక కాల్చుకున్నాను.