చెల్లెలికి పెట్టిన వందనం

తొర్రూరులో సక్రు పాస్టరును ఎరగనివాళ్లు తక్కువ. రేకుల షెడ్డులో మొదలైన మందిరానికి స్లాబు వేయించింది ఆయనే. ఎవరైనా దవాఖానలో పడ్డారని కబురందితే చాలు, తింటున్న కంచం వదిలి బండి తీస్తాడు. మనిషి మంచివాడే. మైకు పట్టుకుంటే మాత్రం, కొడకండ్ల దగ్గరి లంబాడి తండాలో పుట్టినవాడంటే ఎవరూ నమ్మరు. బైబిలు శిక్షణకని కోస్తాకు వెళ్లి, అక్కడి మాటంతా మూటగట్టుకొచ్చాడు మహానుభావుడు!

ఆ మూటలో ఒక బోధ కూడా వచ్చింది. తండాలో ఎవరైనా పోతే ఆడవాళ్లు వచ్చిన చుట్టం మెడ చుట్టూ చేతులు వేసి, పోయినవాళ్ల మంచీచెడూ రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. పుట్టింటివాళ్లు వస్తే ఆ దుఃఖానికి పట్టపగ్గాలుండవు. "పునరుత్థానాన్ని నమ్మినవాళ్లం, మనమిలా రాగాలు తీయకూడదు" అని సక్రు ఏళ్ల తరబడి చెప్పాడు. తండావాళ్లు తలలూపారు. తలూపితే ఏడుపు ఆగుతుందా?

మొన్న ఫిబ్రవరిలో ఆయన చెల్లెలు నీలి భర్త బిక్షపతి పొలం గట్టు మీదే గుండె ఆగి పోయాడు. పాపం, పిల్లలింకా బడిలోనే ఉన్నారు. సక్రు ఒక్కడే వెళ్లినా బాగుండేది. పాస్టర్ల సంఘం పెద్ద జైపాల్ అయ్యగారు జనగామ నుంచి కారులో వచ్చి వెంట తీసుకెళ్లాడు. సంఘానికి సక్రును కార్యదర్శిని చేయాలని ఆయన ఆలోచన. సక్రుకూ ఆ ఆశ లేకపోలేదు.

కారు ఆగీ ఆగకముందే నీలి పరుగెత్తుకొచ్చింది. పొద్దుటి నుంచీ ఎవరి మెడా పట్టుకోలేదామె. అన్న వస్తాడని దుఃఖమంతా గొంతులోనే ఆపుకుంది. "భియా!" అంటూ రెండు చేతులూ చాపింది. వాళ్ల భాషలో అన్నా అని.

సక్రు చూపు జైపాల్ మీదికి పోయింది. అంతే, ఒక అడుగు వెనక్కి వేశాడు. చేతులు జోడించి, "వందనాలమ్మా. ప్రభువు నిన్ను ఆదరించును గాక" అన్నాడు.

చీ, సొంత చెల్లెలికా ఆ మాట!

చాపిన చేతులను ఏం చేసుకోవాలో తెలియక నీలి కొంగు సర్దుకుంది. అది చూసి మిగతా ఆడవాళ్లూ నోళ్లు కట్టేసుకున్నారు. కిక్కురుమనకుండా సమాధి జరిగిపోయింది. "ఎంత క్రమశిక్షణగా నడిపిస్తున్నారండీ మీ వాళ్లని!" అని జైపాల్ మెచ్చుకుని కారెక్కాడు. సక్రు వెళ్లలేదు. ఆ మెచ్చుకోలు చెంప మీద కొట్టినట్టుంది. సిగ్గుతో చచ్చిపోతూ ఇంట్లోకి వెళ్లి, నీలి ఎదురుగా కింద కూర్చున్నాడు.

"చెల్లె, తప్పు జేసిన. గాళ్లు సూస్తున్నరని మన తీరుకు సిగ్గుపడ్డ. గిప్పుడెవ్వరు లేరు. నన్ను పట్టుకొని ఏడువే."

నీలి ముఖంలో కోపం లేదు. తిట్టినా బతికిపోయేవాడు.

"గప్పుడొచ్చింది ఏడుపు. గిప్పుడు వస్తలేదు."

"నేను నీ అన్నను గాదే?"

"పొద్దుగూకుతుంది. జర ప్రార్థన జేసి పోండ్రి, అయ్యగారు."

సక్రు కళ్లు మూసుకున్నాడు. ఏడవాలనుకున్నాడు. నోరు తెరిస్తే ప్రార్థనే వచ్చింది, ఎక్కడా తడబడకుండా. నీలి "ఆమెన్" అని లేచి వెళ్లి, గడప బయట పాస్టరుగారి చెప్పులు తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెట్టింది.