హంసలదీవి దారిలో ఉప్పెక్కిన నారుమడి

మోపిదేవి, హంసలదీవి ఎలా వెళ్ళాలో రాసిపెట్టమని మా భజన బృందంలోని ఆడవాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. నాది పదో తరగతితో ఆగిన చదువు, రాయాలంటే బెరుకు. కానీ మొన్న తమ్ముడి పొలం చూసి వచ్చాక భయం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. అందుకే దారితో పాటు దాన్ని కూడా రాస్తున్నాను.

తమ్ముడు వెంకటేశ్వర్లు హంసలదీవి దగ్గర వరి వేస్తాడు. కిందటి కోతల్లో కురిసిన అకాల వర్షానికి ధాన్యం తడిసి రంగు మారింది. కొనుగోలు కేంద్రంలో వద్దన్నారు. ఆ బస్తాలు అమ్ముడైతే ఈసారీ నాట్లు వేస్తాననీ, లేకపోతే పొలం రొయ్యల చెరువుకు ఇచ్చేస్తాననీ మచ్చు గింజలతో నాకు కబురు పంపాడు. ఒకసారి చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాక ఆ నేల మళ్ళీ వరికి పనికిరావడం కష్టం.

మా గుడివాడలో ఉదయం ఆరింటి బస్సెక్కితే ఏడున్నరకల్లా బందరు చేరతాం. టికెట్టు డెబ్భై రూపాయల లోపే. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, తెలిసిన బియ్యం వ్యాపారి కొట్టుకు వెళ్ళాను. ఆయన గింజలు అరచేతిలో నలిపి చూశారు.

"ఇలాంటివి ఇదివరకు ఓడెక్కేవమ్మా. ఇప్పుడు బియ్యం బయటి దేశాలకి పంపొద్దని ఢిల్లీలో ఆపేశారు. ఎండలూ వానలూ గతి తప్పి పంటలు తగ్గుతున్నాయి, మన తిండి మనకుండాలంటున్నారు. తప్పనలేం. కానీ ఈ రంగు బియ్యం ఇక్కడెవరు తింటారు చెప్పండి? కోళ్ళ దాణాకి అడుగుతారు, ఆ రేటు నా నోటితో చెప్పలేను."

బందరు నుంచి గంటన్నరలో అవనిగడ్డ, అక్కడ బస్సు మారి కోడూరు, ఆ తర్వాత షేర్ ఆటో. దారికి రెండు వైపులా చెరువులే. "ఇన్ని ఎప్పుడు తవ్వారు బాబూ?" అని డ్రైవర్ని అడిగాను.

"రొయ్యకి పాస్‌పోర్టుందండీ పిన్నిగారూ, ఎక్కడికైనా ఎగిరిపోద్ది. బియ్యానికే లేదు!" అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"బందరాయన ఏమన్నాడక్కా?" అని గుమ్మంలోనే అడిగాడు తమ్ముడు. ఉన్నమాట చెప్పాను. వాడు తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి బయలుదేరాడు. నేనూ, మరదలూ వెనకాలే వెళ్ళాం. పంట కాలువకు నీళ్ళు రాక నారుమడి బీటలు తీసింది. పక్కన సముద్రంలోకి పోయే మురుగు కాలువలో మాత్రం నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు మడికి పెట్టే ముందు దోసిట్లోకి తీసుకుని రుచి చూడటం మా తాతల నాటి అలవాటు. తమ్ముడు గుక్కెడు తాగి, "చప్పగానే ఉన్నాయి" అంటూ తూము తలుపు ఎత్తాడు.

"కాసేపాగి ఇంకోసారి చూడండి, మొన్న పక్కోళ్ళ మడి మాడిపోయింది" అంది మరదలు.

"మా నాన్న నాలుకే నాకొచ్చిందే. నువ్వెళ్ళి టీ పెట్టు!"

నాన్న రోజుల్లో ఒక్కసారి చూస్తే సరిపోయేది, సముద్రపు పోటు మా పొలం దాకా వచ్చేది కాదు. ఇప్పుడు వస్తోంది. ఎండ వాలేసరికి కాలువలో నురగ ఎదురు ప్రవహించడం చూశాను. వంగి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు. నా మాట పక్క గదిలోకి కూడా వినిపించదంటారు. ఆ సాయంత్రం మాత్రం "మూసెయ్‌రా! ఉప్పురా!" అని పొలమంతా వినబడేలా అరిచాను. తమ్ముడు పరుగున వచ్చి తలుపు దించాడు. అప్పటికే సగం మడి తడిసిపోయింది. మరదలు బేసినుతో నీళ్ళు బయటికి తోడుతూనే ఉంది.

"వారంలో తేలిపోద్దక్కా. ఆకు కొసలు పచ్చగా ఉంటే అప్పు చేసైనా నాటేస్తా. మాడితే చెరువుకే" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో, అవనిగడ్డ దాటాక బందరు దారిలోనే వచ్చే మోపిదేవిలో దిగి సుబ్రహ్మణ్యస్వామి ముందు నిలబడ్డాను. నారు బతికితే తమ్ముడు అప్పుతో మళ్ళీ ఆ సముద్రానికే ఎదురు నిలబడాలి. చస్తే పొలమే పోతుంది. ఏం కోరాలో తెలియలేదు. చేతులు జోడించి, ఏమీ అడగకుండానే బయటికి వచ్చేశాను. స్వామి దగ్గర నాకు ఇలా జరగడం ఇదే మొదలు.

వెళ్ళేవారు తాగే నీళ్ళు కోడూరులోనే నింపుకోండి, ఆ పైన పంపుల్లో ఉప్పు తగులుతోంది. ఈ కాగితాలు దాచుకోండి కానీ ఎవరికీ చూపించకండి, మా తమ్ముడికి అసలే వద్దు. అక్క మోపిదేవిలో తన నారు కోసం మొక్కుకునే వెళ్ళి ఉంటుందని వాడు అనుకుంటున్నాడు.