పక్క క్వార్టర్లో ఆడపిల్ల లేదు

ఒక మాట నా లోపల చాలా ఏళ్ళుగా కూర్చొని ఉంది. లేవదు. ప్రార్థనలో నేను మోకరిల్లితే అదీ నాతోపాటే మోకరిల్లుతుంది. పాస్టరు గారికి చెబుదామని రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆయన మంచివారే. కానీ ఏది విన్నా వచ్చే ఆదివారం ప్రసంగంలో వాడేస్తారు. పేరు చెప్పరు గానీ నా వైపే చూస్తారు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే నయం.

నేను గోదావరిఖనిలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళి పత్రికలో వారానికీ తారీఖుకూ పొంతన లేకపోతే, పిలవడానికి వచ్చినవాళ్ళ చేతికే దిద్ది ఇచ్చేదాన్ని. ఇలాంటి మనిషి అబద్ధం చెబుతుందని ఎవరనుకుంటారు? ఎవరూ అనుకోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా పక్కది బొగ్గు గని కంపెనీ క్వార్టర్, మల్లయ్య అనే కార్మికుడి పేరు మీద ఉండేది. ఆయన మంచిర్యాలలో ఇల్లు కట్టుకొని వెళ్ళిపోయి, దాన్ని లారీ డ్రైవరు ఓదెలుకు కిరాయికి ఇచ్చాడు. అలా ఇవ్వకూడదు. అందరూ ఇస్తారు. అప్పుడప్పుడు కంపెనీ వాళ్ళు తనిఖీకి వస్తారు. చంకలో ఫైలున్న మనిషికి మా లైన్లో ఎవరూ నిజం చెప్పరు. కానీ ఓదెలు వాళ్ళను ఒకరు చుట్టాలనేవారు, ఇంకొకరు పనిమనుషులనేవారు. ఆ గందరగోళం చూడలేక ఒకరోజు అందరినీ మా వాకిట్లో కూర్చోబెట్టి ఒకే జవాబు నేర్పాను. మల్లయ్యే ఉంటాడు, ఒక్కడే ఉంటాడు, డ్యూటీకి పోయాడు. అందరి చేతా అప్పజెప్పించుకున్నాను కూడా.

ఓదెలు కూతురు స్వరూప కరీంనగర్‌లో బి.ఏ. చరిత్ర చదువుతుండేది. ఆ పిల్ల హైదరాబాదులో రక్షణ శాఖ వారి పరిశోధన సంస్థలో రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు ఎంపికైంది. రిటైరైన ఉద్యోగులను కలిసి, ఆ సంస్థ ఎలా పుట్టి పెరిగిందో వాళ్ళ నోట విని రాసిపెట్టడం పని. ఇంజనీర్ల మధ్య చరిత్ర పిల్ల ఒక్కతే. లైనంతా నవ్వింది. ఎదురింటి ఖాజా భాయి, ఫిరంగులకు పాఠం చెప్పనీకి పోతున్నవా బిడ్డా అని రోజూ ఆటపట్టించేవాడు. అవి నీ లెక్క నడుమ నడుమ మాట్లాడవు కాకా అనేది ఆమె. నవ్వుతూనే అనేది గానీ, తండ్రి పెట్టిన షరతు ఆమెకు గుర్తుంది. ఈ పని చేసి వస్తే ఎం.ఏ. చదవొచ్చు. లేకపోతే బి.ఎడ్.

ఒక మంగళవారం మధ్యాహ్నం, ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు మా గిన్నెలు అదిరి సర్దుకున్న కాసేపటికి, స్కూటరు మీద ఒకాయన వచ్చాడు. మామూలు బట్టలు. చంకలో ఫైలు. క్వార్టర్ల తనిఖీకే అనుకున్నాను. పక్కింటికి తాళం ఉంది. స్వరూప పరీక్షలకు వెళ్ళింది, తల్లి బెల్లంపల్లిలో పుట్టింట్లో ఉంది, ఓదెలు బండి మీద ఉన్నాడు.

"అమ్మా, ఈ ఇంట్ల స్వరూప అని పిల్ల ఉంటదా?"

"ఆ ఇంట్ల ఆడపిల్లే లేదు సార్. మల్లయ్య ఒక్కడే ఉంటడు. పెండ్లాం సచ్చిపోయి నాలుగేండ్లయింది. పిల్లలు కాలే."

మల్లయ్య పెండ్లాం ఆ వేళకు మంచిర్యాలలో ముగ్గురు పిల్లలకు అన్నం పెడుతూ ఉండి ఉంటుంది. నేర్పిన జవాబులో ఆ చావు లేదు. నేనే చేర్చాను. వట్టి జవాబు చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు, పక్కన నిరూపణ కూడా ఉండాలి.

ఆయన ఖాజా భాయిని అడిగాడు. మూలింటి రాజేశ్వరిని అడిగాడు. ఇద్దరూ ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పారు. తిరిగి వచ్చి మా మెట్టు మీద కూర్చొని మంచినీళ్ళు అడిగాడు.

"ముగ్గురు ఒక్కతీరు చెప్పిన్రు. టీచరమ్మ చెప్పినంక ఇంక అడిగేది ఏంది అన్నది ఆ మూలింటామె. పాపం, ఆ పిల్లెవరో తప్పు అడ్రసు ఇచ్చినట్టున్నది. హైదరాబాద్ల రక్షణ శాఖ పని, అందుకే పోలీసు విచారణ. క్వార్టరు ఎవరి పేరు మీదున్నదో, ఆ ముచ్చట మాకెందుకు?"

ఇక్కడ ఆగుతున్నాను. అంతవరకు జరిగింది పొరపాటు. గ్లాసు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. సగం నీళ్ళున్నాయి. ఆ సగం తాగేలోపు నేను చెప్పొచ్చు.

"ఇంకిన్ని నీళ్ళు పొయ్యమంటరా సార్?" అన్నాను.

ఎందుకు? ఓదెలు ఇల్లు పోతుందనా? క్వార్టర్ల మాట తనకు అక్కరలేదని ఆయనే అన్నాడు. పోలీసంటే భయమా? ఆయన నా కంటే మెతకగా ఉన్నాడు. చచ్చిందన్న మనిషిని మళ్ళీ బతికించాలి, అదీ ఒక కొత్త మనిషి ముందు, లెక్కల టీచరు నోటితో. అంతే. ఒక పక్క ఆ పిల్ల చదువు, ఇంకో పక్క నా పరువు పెట్టి తూచాను. నా పరువే ఎక్కువ తూగింది.

విచారణలో సరిపడలేదు, తీసుకోలేమని స్వరూపకు జవాబు వచ్చింది. ఆ పిల్ల వచ్చి అదే మెట్టు మీద కూర్చొని, ఎందుకు అయి ఉంటుందని నన్నే అడిగింది. సర్కారు పనులు అట్లాగే ఉంటాయన్నాను.

కారణం ఓదెలు కనిపెట్టాడు. అవి చౌరస్తాలో తెలంగాణ కోసం దీక్షా శిబిరం నడుస్తున్న రోజులు. తాను దీక్షలో కూర్చున్నందుకే తన బిడ్డకు పని రాకుండా చేశారని మైకులో చెప్పాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. నేను ముందు వరుసలో, చాప మీద కూర్చొని చప్పట్లు కొట్టాను. రెండోసారి చెప్పినప్పుడు ఆ కథలోకి పోలీసు జీపు వచ్చింది. మూడోసారికి మూడు జీపులయ్యాయి. జీపులు కావు, ఒక్క స్కూటరే అని నోటిదాకా వచ్చింది. తప్పు లెక్క వింటే నాకు నోరు ఆగదు. ఆ రోజు ఆగింది. రాష్ట్రం వచ్చాక ఓదెలుకు శాలువా కప్పారు. అప్పుడూ చప్పట్లు కొట్టాను.

ఆ స్కూటరు సంగతి ఖాజా భాయికీ రాజేశ్వరికీ కూడా తెలుసు. ఖాజా భాయి ఆ తర్వాత ఎన్నడూ ఫిరంగుల మాట ఎత్తలేదు.

స్వరూప బి.ఎడ్. చేసి మంచిర్యాలలో ఒక బడిలో సోషల్ చెబుతోంది. బాగానే ఉందని రాయబోయి ఆగాను. అది కూడా నేర్పిన జవాబే అవుతుంది. ఈ మధ్య పిల్లల కోసం ఉద్యమం రోజుల సంగతులు రాస్తున్నానంటూ వచ్చింది. తనకు పని రాదని తెలిసిన తారీఖు కావాలంది. మీరైతే తప్పు చెప్పరు గదా టీచరమ్మా అంది. చెప్పాను. తారీఖు సరైనదే.

స్కూటరు మీద వచ్చినాయన అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం మిగిలిపోయింది. ఇక్కడ చెబుతున్నాను.

ఉంటది సార్. స్వరూప, ఓదెలు బిడ్డ. పరీక్షలకు కరీంనగర్ పోయింది, శుక్రవారం వస్తది. మల్లయ్య పెండ్లాం బతికే ఉన్నది. ముందు చెప్పింది తప్పు సార్, కొట్టేయండి.